పాల బండి దారిలో ఆగకుండా



టాటా సుమో తయారీ 2019లోనే ఆగిపోయింది. అయినా పాత సుమోలు మన దారుల్లో ఇంకా తిరుగుతున్నాయి. క్యాన్లు ఎక్కించిన బండి ఎండలో ఆగిపోతే, చల్లబరచని పాలు కొద్ది గంటల్లోనే పులుస్తాయి. నష్టం సభ్యులందరిదీ. కనుక డ్రైవరుతో పాటు మనమూ నాలుగు సంగతులు తెలుసుకుందాం.

ఉదయం ఇంజను స్టార్టు చేయకముందే, చదునైన నేల మీద ఆయిల్ పుల్ల తీసి చూడాలి. మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. రేడియేటరు నీళ్లు కూడా అప్పుడే చూడాలి. వేడి మీద మూత తీస్తే మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.

దారిలో వేడి ముల్లు పైకెక్కితే బండి పక్కకు తీసి ఆపాలి. చల్లారాక ఫ్యాను బెల్టు వదులైందా, గొట్టం కారుతోందా చూడాలి.

పొగను బట్టి జబ్బు తెలుస్తుంది. నల్ల పొగైతే ముందు ఎయిర్ ఫిల్టరు చూడాలి. నీలి పొగైతే ఇంజను ఆయిల్ కాలుతున్నట్లు. తెల్ల పొగ ఆగకుండా వస్తూ నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్టును అనుమానించి మెకానిక్కును పిలవాలి.

బ్రేకు ఆయిల్ తగ్గితే పోసి ఊరుకోరాదు. ఎక్కడో కారుతుండవచ్చు, లేదా ప్యాడ్లు అరిగి ఉండవచ్చు. అది సరిచేయించనిదే క్యాన్లు ఎక్కించరాదు.

ఈ తనిఖీలను తేదీలతో సంఘం పుస్తకంలో రాయిద్దాం. పది నిమిషాల పనితో ఆ పూట పాలు దక్కుతాయి.