పలక మందం ఎంతుండాలి?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



చదివింది వికారాబాదులో, అమ్మమ్మగారిది తాండూరు. నేను చేసిన పని ప్రెషర్ వెసెల్స్ డిజైను. అదేమిటో ఇంట్లోవాళ్లకు చివరిదాకా అర్థం కాలేదు. "గ్యాసు సిలిండర్లు చేస్తాడు" అని చెప్పుకునేవారు. పెద్ద తప్పేమీ కాదు లెండి.

తాండూరు కందిపప్పు కుక్కర్లో ఉడుకుతుంటే లోపలి ఆవిరి గిన్నెను బయటికి నెడుతుంది. మన సిమెంటు ఫ్యాక్టరీల్లో కంప్రెసర్ గాలి నింపే ట్యాంకులదీ అదే సంగతి. ఆ నెట్టుడుకు పలక ఎంత మందం ఉండాలో చెప్పే పుస్తకమే కోడ్. ఊరికే పుట్టలేదది. 1905 మార్చి 20న అమెరికాలోని బ్రాక్టన్‌లో ఒక చెప్పుల ఫ్యాక్టరీ బాయిలరు పేలి 58 మంది పోయారు. రెండేళ్లకు ఆ రాష్ట్రం చట్టం చేసింది. ఆ తర్వాత అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం, అంటే ఏఎస్ఎంఈ, తన కోడ్ తెచ్చింది. మనకు 1923 బాయిలర్ల చట్టం, 1950 నిబంధనలు, 1969లో ఐఎస్ 2825 వచ్చాయి.

పిల్లలూ, ఒక లెక్క చూడండి. రెండు మీటర్ల వ్యాసం, 20 బార్ల ఒత్తిడి, 485 మెగాపాస్కల్ బలమున్న ఉక్కు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఏఎస్ఎంఈ ఆ బలాన్ని నాలుగో వంతే వాడుకోనిచ్చేది. అతుకులన్నీ ఎక్స్‌రే తీస్తే సుమారు 17 మిల్లీమీటర్ల పలక, అసలు తీయకపోతే 24. బ్రిటిష్ కోడ్ బీఎస్ 5500 ప్రకారం 12 చాలు. తెల్లవాళ్లకు ధైర్యమెక్కువని కాదు. ఆ 12 కావాలంటే అతుకులను పరీక్షించాలని అదే పుస్తకం ఇంకో పేజీలో రాసింది.

ఆ పేజీ నేను చూడలేదు. చూడలేదనడం కూడా అబద్ధమే. చూసి పక్కన పెట్టాను. మందం బ్రిటిష్ కోడ్ నుంచి, ఎక్స్‌రే అక్కర్లేదన్న వెసులుబాటు అమెరికన్ కోడ్ నుంచి తీసుకున్నాను. ఖర్చు సగానికి దగ్గరగా తగ్గిందని మేనేజరు భుజం తట్టాడు. పలకలు కోసేశారు కూడా. అప్పుడు వెల్డింగు ఫోర్‌మన్ ఒకాయన డ్రాయింగు పట్టుకొచ్చాడు. చదువు ఏడో తరగతి, నా తండ్రి వయసు.

"ఎక్స్‌రే లేకుండ గింత పల్చగనా సారూ? ఏ పుస్తకంల ఉంది, ఒకపారి చూపియ్యిరి."

రెండు పుస్తకాలు తెరిచాను. ఒక్కదాంట్లోనూ చూపించలేకపోయాను. కోసిన పలకల నష్టం నా పేరున రాశారు, ఆ ఏడు ఇంక్రిమెంటు పోయింది. ట్యాంకు 24తోనే కట్టాం.

1999లో ఏఎస్ఎంఈ కూడా నాలుగును మూడున్నర చేసింది. మెరుగైన ఉక్కు, మెరుగైన వెల్డింగు వచ్చాక చేసిన మార్పు అది. ఎక్స్‌రేతో ఆ 17 ఇప్పుడు 15కు వచ్చింది, ఎక్స్‌రే లేనిది 21కి. తుప్పుకు వదిలేది వేరే కలపాలి.

లెక్క కాగితం నా దగ్గరుంది. భోజనాలయ్యాక వేపచెట్టు కింద కూర్చుంటాను, కావలసినవాళ్లు రండి.