నాలుగో పొగగొట్టం: మనదీ పరాయిదీ పోల్చుకునే విద్య



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ మాస్టారి గురించి నిర్వాహకులు ఇంతకుముందే చెప్పారు. ఆయన లెక్కల మాస్టారు. ఎన్.సి.సి. పిల్లల కోసం నల్ల అట్టతో విమానాల బొమ్మలు కత్తిరించి, కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకుని మూడు ప్రశ్నలు వేసేవారు. ఇదేమిటి? మనదా, కాదా? ఎలా చెప్పగలవు? మొదటి రెండింటికీ సరైన జవాబు చెప్పినా, మూడోదానికి నోరు పెగలకపోతే మార్కు వేసేవారు కాదు. ఆ మూడో ప్రశ్న వెనకాల ఉన్న చరిత్రనే ఈరోజు మీ ముందు పెడుతున్నాను.

మన తీరానికి సంబంధించినంతవరకు ఈ చరిత్ర 1914 సెప్టెంబరు 22 రాత్రి మొదలవుతుంది. ఎమ్డెన్ అనే జర్మన్ క్రూయిజర్ మద్రాసు రేవు ముందుకు వచ్చి దాదాపు 130 గుళ్ళు పేల్చింది. బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులు అంటుకున్నాయి. పాఠ్యపుస్తకాల్లో కథ అక్కడితో అయిపోతుంది. నాకు మాత్రం ఆ ఓడ మీది ఒక గొట్టమే ముఖ్యం.

ఎమ్డెన్‌కు ఉన్నవి మూడు పొగగొట్టాలు. ఈ సముద్రాల్లో తిరిగే కొన్ని బ్రిటిష్ క్రూయిజర్లకు నాలుగు. ఆ రోజుల్లో నడిసముద్రంలో ఒక నౌక ఎవరిదో తేల్చాలంటే జెండా కంటే ముందు కంటికి ఆనేవి పొగగొట్టాలు, కొయ్యస్తంభాలు. అందుకని కెప్టెన్ కార్ల్ ఫాన్ మ్యుల్లర్ మనుషులు కొయ్యతో, కాన్వాసు గుడ్డతో నాలుగో గొట్టం కట్టారు. మొదట కట్టింది బల్లపరుపు గుడ్డ. పక్క నుంచి చూస్తే గొట్టమే, ఎదురుగా చూస్తే మందమే లేదు. ఆ లోపం కనిపెట్టి తర్వాత దాన్ని గుండ్రంగా కట్టుకున్నారు. అక్టోబరు 28 తెల్లవారుజామున ఆ వేషంతోనే పెనాంగ్ రేవులోకి వెళ్ళి రష్యన్ క్రూయిజర్ జెమ్‌చుగ్‌ను ముంచారు, బయటికి వస్తూ ఫ్రెంచి విధ్వంసక నౌక ముస్కేను ముంచారు. పన్నెండు రోజుల తర్వాత, నవంబరు 9న, కోకోస్ దీవుల్లోని తంతి కార్యాలయం ముందుకు అదే ఓడ వచ్చింది. అక్కడి ఉద్యోగులు నాలుగో గొట్టం ఉత్తుత్తిదని పోల్చుకున్నారు. కొత్త ఓడ ఏదో వచ్చిందని వెంటనే తంతి కొట్టారు. దగ్గరలోనే ఉన్న ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ వచ్చిపడింది. ఎమ్డెన్ కథ ఆ రోజుతో సరి. యుద్ధనౌకల కాపలావాళ్ళను ఏమార్చిన వేషాన్ని తంతి ఉద్యోగులు విప్పారంటే, వాళ్ళు ఓడ మొత్తాన్ని ఒక్కచూపులో ఒప్పుకోకుండా ఒక్కొక్క ఆనవాలూ విడిగా పరీక్షించి చూశారన్నమాట.

ఈ విద్యకు పుస్తకం అప్పటికే ఉంది. ఫ్రెడ్ జేన్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1898లో ప్రపంచ యుద్ధనౌకలన్నిటి బొమ్మలతో ఒక గ్రంథం అచ్చువేశాడు. నేటికీ ఆయన పేరుతోనే ఆ సంపుటాలు వస్తున్నాయి. అయితే పుస్తకం ఉన్నంతమాత్రాన కళ్ళకు శిక్షణ వచ్చేయదు.

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ అడుగుపెట్టి మూడు రోజులే అయింది. 1939 సెప్టెంబరు 6న ఆ దేశపు స్పిట్‌ఫైర్ విమానాలు ఆ దేశపు హరికేన్ విమానాల్నే రెండింటిని కూల్చేశాయి. ఒక పైలట్ చనిపోయాడు. ఆ రోజు అక్కడ శత్రువు విమానం ఒక్కటీ లేదు. 1941 మే 26న ఇంకా విడ్డూరం జరిగింది. జర్మన్ మహానౌక బిస్మార్క్‌ను వేటాడుతూ ఆర్క్ రాయల్ నుంచి లేచిన స్వోర్డ్‌ఫిష్ విమానాలు తమ సొంత క్రూయిజర్ షెఫీల్డ్ మీద టార్పెడోలు వదిలాయి. బిస్మార్క్‌కు పొగగొట్టం ఒకటి, షెఫీల్డ్‌కు రెండు. కానీ వాతావరణం బాగాలేదు, పైగా ఆ చుట్టుపక్కల తమవాళ్ళ ఓడ ఉందన్న కబురు పైలట్లకు అందలేదు. బిస్మార్క్ కనిపిస్తుందని అనుకుంటూ వెళ్ళారు, బిస్మార్కే కనిపించింది. టార్పెడోల పేలుడు యంత్రాల్లో లోపం ఉండటంతో షెఫీల్డ్ బతికిపోయింది. ఆ లోపం అలా బయటపడింది కాబట్టే, అదే సాయంత్రం వేరే రకం పేలుడు యంత్రాలు బిగించుకుని వెళ్ళి అసలు బిస్మార్క్ చుక్కానిని దెబ్బతీయగలిగారు.

పిల్లలు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మనసు ముందే ఒక జవాబు సిద్ధం చేసుకుంటే కన్ను దానికి సాక్ష్యం చెబుతుంది. ఈ విద్య పుట్టిందే ఆ తొందరను ఆపడానికి. శత్రువును పట్టివ్వడం ఎంత అవసరమో, మనవాడి ప్రాణం నిలబెట్టడం అంతకంటే అవసరం.

అందుకే 1942లో అమెరికా నౌకాదళం హైస్కూలు పిల్లల్ని విమానాల నమూనాలు చేసిపెట్టమని అడిగింది. లక్ష్యం ఐదు లక్షల నమూనాలు. ప్రతిదీ అసలు దానిలో 72వ వంతు. లెక్క మీరే వేయండి. ఆ నమూనాను పది మీటర్ల దూరంలో పట్టుకుంటే, అసలు విమానం 720 మీటర్ల దూరాన ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. దాన్ని చూపించి రెక్కలు, ఇంజన్లు, బాడీ, తోక అనే వరసలో ఆనవాళ్ళు చెప్పించేవారు.

అదే ఏడాది యుద్ధం మన తీరానికీ వచ్చింది. ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో మీది విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ వార్తతో మద్రాసు సగం ఖాళీ అయింది. ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్ళకు తరలిపోయాయి. బాంబు పడితే తప్పించుకుంటాయన్న భయంతో జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాల్ని కాల్చి చంపారు. దండు మాత్రం రాలేదు. 1943 అక్టోబరులో ఒకే ఒక్క జపాన్ విమానం వచ్చి బాంబులు వేసి పోయింది. 

1971 నాటికి కంటికంటే చెవి ముఖ్యమైంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అండమాన్ వైపు ఉంది. వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ రాజ్‌పుత్ అనే విధ్వంసక నౌకను పంపి, విక్రాంత్ పంపుతున్నట్టే వైర్‌లెస్ సందేశాలు పంపించారు. వైర్‌లెస్‌తో కట్టిన నాలుగో పొగగొట్టం అది. డిసెంబరు 3-4 రాత్రి ఘాజీ విశాఖ ముందే మునిగిపోయింది. నీళ్ళమీద తేలిన వస్తువుల్ని మొదట పట్టుకొచ్చింది మన మత్స్యకారులు.

ఇప్పుడు మన ఆకాశానికి వద్దాం. మన శ్రీ సిటీకి నైరుతిలో అరక్కోణం దగ్గర నౌకాదళం వారి ఐఎన్ఎస్ రాజాలి ఉంది. జలాంతర్గాముల్ని వెతికే పీ-8ఐ విమానాలు 2013 నుంచీ అక్కడున్నాయి. ప్రయాణికులు ఎక్కే బోయింగ్ 737కు ఇది తోబుట్టువు. రెండింటికీ రెక్కల కింద రెండేసి ఇంజన్లు. మరి ఎలా పోల్చుకోవాలి? రెక్క చివర చూడండి. ఇప్పటి 737 ప్రయాణిక విమానాల్లో చాలావాటికి రెక్క కొస పైకి లేచి ఉంటుంది. పీ-8ఐకి అలా లేవదు, వెనక్కి వాలి సన్నబడుతుంది. బాడీ పొడవునా కిటికీల వరస ఉండదు. తోక చివర సన్నటి కడ్డీ ఒకటి వెనక్కి పొడుచుకొచ్చి ఉంటుంది. నీటి అడుగున ఉక్కు జలాంతర్గామి వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే చిన్న మార్పును పసిగట్టే పరికరం ఉండేది అందులోనే. దీనికి ముందు అరక్కోణంలో ఉన్న టీయూ-142కు నాలుగు ఇంజన్లు. ఒక్కొక్క ఇంజనుకు ఎదురెదురుగా తిరిగే రెండేసి పంకాలు. ఒకసారి చూసినవాళ్ళు మరిచిపోరు.

ఇక తూర్పున పులికాట్ అవతల శ్రీహరికోట. రాత్రిపూటా, మబ్బుల్లోంచీ చూడగల రాడార్ ఉపగ్రహం రిశాట్-2ను 2009 ఏప్రిల్ 20న అక్కడి నుంచే పంపారు. 2019 నవంబరు 27న వెళ్ళిన కార్టోశాట్-3 నేల మీద పావు మీటరు వస్తువును కూడా విడిగా చూపగలదు. ఓడ, విమానం, ట్రక్కు ఏదో పైనుంచి తేల్చే కళ్ళు మన పక్కనే పైకి లేస్తున్నాయి.

ఇన్ని పరికరాలున్నా 2019 ఫిబ్రవరి 27న బుద్గాం దగ్గర మన క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను కూల్చింది. ఆరుగురు వైమానిక సిబ్బంది, నేలమీద ఒక పౌరుడు చనిపోయారు. అది మన తప్పేనని ఆ అక్టోబరులో వైమానిక దళాధిపతి బహిరంగంగా చెప్పారు. ఆ ఒప్పుకోలును నేను గౌరవిస్తాను. 1939లో హరికేన్లను కూల్చిన తొందరే ఎనభై ఏళ్ళ తర్వాతా మనుషుల్ని బలిగొంది.

ఆ తొందర మనలోనూ ఉంది. 2025 మేలో సరిహద్దుల్లో పోరు జరిగిన ఆ నాలుగు రోజులూ మన ఫోన్లలోకి ఏమొచ్చాయో గుర్తుచేసుకోండి. వీడియో గేముల దృశ్యాలు, ఏ దేశానివో పాత వీడియోలు, అన్నీ ఇప్పటివే అన్నట్టు తిరిగాయి. వాటిలో కనిపించే విమానం ఎవరిదో చూడకుండానే చాలామంది ముందుకు పంపారు.

ఈ చుట్టుపక్కల ప్రధానోపాధ్యాయులకు నాదొక మనవి. ఈ ఏడు మీ పిల్లలచేత 72వ వంతు కొలతలో పీ-8ఐ, టీయూ-142 నమూనాలు అట్టతో చేయించండి. వీలైతే విశాఖ సముద్రతీరంలోని కుర్సురా జలాంతర్గామినీ, దాని ఎదురుగా ఉన్న టీయూ-142నూ చూపించి తీసుకురండి. పెద్దలకు ఇంకో మనవి. తేదీ, చోటు, ఆనవాలు తెలియని యుద్ధ వీడియోను ఎవరికీ పంపకండి. మన సేనల వాహనాలు, విమానాలు ఎప్పుడు ఎటు వెళ్తున్నాయో కనిపించినా ఫోటో తీసి నలుగురిలో పెట్టకండి.