సరుకు బిల్లులో కనిపించని ఖర్చు

 

పట్టాలు అందుకున్న మీలో చాలామంది ఈ పటాన్‌చెరు చుట్టుపక్కల పరిశ్రమల్లోనే ఉద్యోగాల్లో చేరతారు. అక్కడ తయారయ్యే సరుకు ఏ దేశాల మీదుగా వస్తుందో, లాభం ఎవరికి చేరుతుందో అర్థశాస్త్రం చాలాకాలం పట్టించుకోలేదు. 1817లో ఆర్థికవేత్త రికార్డో ఇంగ్లండు బట్టనూ పోర్చుగల్ ద్రాక్షసారానూ ఉదాహరణగా తీసుకున్నప్పుడు, ఒక్కో సరుకు మొత్తంగా ఒకే దేశంలో తయారవుతుందన్నదే లెక్క. 1977లో సామాజికశాస్త్రవేత్తలు హాప్కిన్స్, వాలర్‌స్టైన్ ఒక సరుకు వెనకున్న శ్రమ దేశదేశాల్లో ఎలా పరుచుకుందో చూసి, దాన్ని 'సరుకు గొలుసు' అన్నారు. ఆ గొలుసును నడిపించేది ఎవరని 1994లో గ్యారీ జెరెఫీ అడిగాడు. సొంత ఫ్యాక్టరీ లేని బ్రాండు కంపెనీ కూడా ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీని శాసించగలదని చూపించాడు. 2005లో హంఫ్రీ, స్టర్జన్‌లతో కలిసి, సరఫరాదారు నైపుణ్యం వంటి అంశాలను బట్టి ఈ పెత్తనం మారుతుందని వివరించాడు.

పెత్తనంలో అలాంటి మార్పుకు సాక్ష్యం మన పక్కనున్న భానూర్‌లోనే ఉంది. 1970లో ఏర్పడిన ప్రభుత్వ రక్షణ సంస్థ భారత్ డైనమిక్స్ ఫ్రెంచి లైసెన్సు మీద క్షిపణుల తయారీ మొదలుపెట్టింది. దాని భానూర్ యూనిట్‌లో చేసే కాంకుర్స్-ఎం క్షిపణి రష్యా డిజైన్. అదే సంస్థ ఇప్పుడు మన డీఆర్‌డీవో రూపొందించిన ఆకాశ్ క్షిపణిని తయారుచేస్తోంది. డిజైన్ మనదైతే, దాన్ని మార్చే హక్కూ మనదే.

మందుల కథ ఇంకా లోతైనది. 1970 పేటెంట్ చట్టం, ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న రసాయనవేత్తలు కలిసి పటాన్‌చెరు, బొల్లారం బల్క్ డ్రగ్ పరిశ్రమకు దారి వేశారు. ఇక్కడి మందులు ఎన్నో దేశాలకు వెళ్తున్నాయి. అయితే వాటి ముడిపదార్థాల్లో చాలా భాగం చైనా నుంచి రావాలి. వ్యర్థాలు మాత్రం ఇక్కడే మిగులుతాయి. పటాన్‌చెరులో శుద్ధిచేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఇక్కడి నక్కవాగు పక్కన సేద్యం చేసే రైతు మోసిన ఈ భారం ఏ ఎగుమతి బిల్లులోనూ లేదు.

రేపు మీరు కొనుగోలు విభాగంలోనో ప్లాంటులోనో కూర్చుంటారు. విదేశీ కొనుగోలుదారుడు ధర తగ్గించమన్నప్పుడు వ్యర్థాల శుద్ధి ఖర్చును మాత్రం తగ్గించకండి. అది ధరలో భాగమని గట్టిగా చెప్పండి. ఈ మండలానికి మీరు చేయగల మేలు అక్కడ మొదలవుతుంది.