గుర్తు మారిన చిరునామా

ఈ-మెయిలు చిరునామాలో మనిషి పేరునకును, యంత్రము పేరునకును నడుమ, తోకను తన చుట్టు త్రిప్పుకొన్న గుర్తొకటి యుండును. దానిని ‘యట్’ అందురు. 1971లో రే టామ్లిన్‌సన్ అను అమెరికా ఇంజనీరు దానిని ఆ పనికి ఎన్నుకొనెను. అది చెడినచో ఉత్తరము చేరదు.

యంత్రమునకు అక్షరములు తెలియవు, సంఖ్యలే తెలియును. అచ్చుకూటములో కంపోజిటరు కేసులోని గడిని బట్టి టైపును తీయునట్లు, యంత్రము సంఖ్యను బట్టి గుర్తును తీయును. ఇంటర్నెట్టునకు ఆధారమైన ఆస్కీ పట్టికలో యట్ సంఖ్య 64. ఐ.బి.ఎం. కంపెనీ 1964లో సిస్టమ్ 360 యంత్రములతో ప్రవేశపెట్టిన ఎబ్సిడిక్ పద్ధతి వేఱు. బ్యాంకులు, బీమా సంస్థలు పెక్కు నేటికిని ఆ పద్ధతిపై లెక్కలు నడుపుచున్నవి. చిక్కేమనగా, అందు దేశమునకొక పట్టిక. అమెరికా పట్టికలో యట్ 124, జర్మను పట్టికలో 181, ఫ్రెంచి పట్టికలో 68. జర్మను పట్టికతో వ్రాసిన చిరునామాను అమెరికా పట్టికతో చదివినచో, యట్ ఉండవలసిన చోట న్యాయగ్రంథములలోని సెక్షను గుర్తు వచ్చి కూర్చుండును!

ఇంగ్లీషు అక్షరములును, అంకెలును మాత్రము ఈ పట్టికలన్నిటిలో ఒకే గడిలో నున్నవి. కావున పేరు చెడదు, ఊరు చెడదు, గుర్తొక్కటే చెడును. తెరను చూచి లాభము లేదు. జర్మను అమరికలోని తెర 181ని యట్‌గానే చూపును గదా! లోపలి సంఖ్యనే చూడవలెను.

ఒక్క ఉత్తరము చేరనిచో చిరునామా తప్పనుకొనవచ్చును. ఒక రాత్రి పంపినవన్నియు ఆగినచో పట్టికనే అనుమానింపవలెను. పంపినవారి చిరునామా సైతము అట్లే చెడినచో, చేరలేదను వార్తయు తిరిగి రాదు. కార్యాలయము పంపితిమని నిశ్చింతగా నుండును. ఇంటిలో బీమా గడువు దాటిపోవును.

కొందఱు చిరునామాలలోని గుర్తునే చేతితో మార్చి ఆ పూటకు గట్టెక్కుదురు. ఇది నాకు సమ్మతము కాదు. పట్టికను సరిచేసిననాడు ఆ దిద్దుబాట్లన్నియు తప్పులగును. వ్రాసిన పట్టిక యేదో, చదువు పట్టిక యేదో రెంటిని యంత్రమునకు స్పష్టముగా తెలుపవలెను. ఐ.బి.ఎం. ఐ యంత్రములలో పట్టిక సంఖ్యగా 65535 కనబడినచో ‘మార్పు చేయవలదు’ అని యర్థము. తొలుత అచ్చటనే వెదకుట మేలు.

శ్రోతలారా, మీకు రావలసిన నోటీసు రానిచో, మా చిరునామా సరియే అని మాత్రము వ్రాసి ఊరకొనకుడు. ఏ తేదీనుండి ఆగినదో వ్రాయుడు. ఆ తేదీన ఏ పట్టికను మార్చిరో వారు వెదకుకొందురు.