ఉచిత ప్రయాణం జీతం కాదు
(కొల్లిపరలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కొల్లిపర నుండి, తూములూరు, మున్నంగి నుండి పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని తెనాలి వెళ్ళి, అక్కడ రైలెక్కి విజయవాడలో ఉద్యోగాలు చేసే ఆడపిల్లలు ఈ సభలో చాలామంది ఉన్నారు. బట్టల షాపుల్లో, ఆస్పత్రుల్లో, ట్రావెల్స్ ఆఫీసుల్లో పనిచేస్తున్నారు. నన్ను ట్రావెల్స్ ఉద్యోగం గురించి, అందులో దొరికే ప్రయాణ సౌకర్యాల గురించి మాట్లాడమన్నారు. పద్నాలుగేళ్ళు ఆ పని చేశాను కాబట్టి నేను చూసింది చెబుతాను.

ఈ ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు ముందు ఒక మాట చెబుతారు. "జీతం కొంచెం తక్కువేనమ్మా, కానీ ఊళ్ళు తిరగొచ్చు" అని. 1998లో నాకూ ఆ మాటే చెప్పారు. తిరుపతి దాటి ఎరగని దాన్ని. ఆ ఒక్క మాటకే సరేనన్నాను. నియామక పత్రం అడగాలని కూడా తెలియదు.

ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. ట్రావెల్ ఏజెంట్లకు రాయితీలున్నాయి. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం అయాటా గుర్తించిన ఏజెన్సీల ఉద్యోగులకు టికెట్టు ధరలో 75 శాతం తగ్గించే పద్ధతి ఒకటుంది. దాన్ని మేం 'ఎ.డి. 75' అనేవాళ్ళం. ఇవ్వడం ఇవ్వకపోవడం విమాన సంస్థ ఇష్టం. హోటళ్ళు తక్కువ రేటుకి గదులిస్తాయి. పర్యాటక శాఖలు ఏజెంట్లను పిలిచి ఊరంతా తిప్పి చూపిస్తాయి, తిరిగొచ్చి నలుగురినీ పంపిస్తారని. దీనికి 'ఫామ్ ట్రిప్' అని పేరు. బృందంగా వెళ్ళే యాత్రల్లో ఇంతమందికి ఒకరు ఉచితం అని కూడా ఉంటుంది.

అయితే ఇవి ఉద్యోగి చేతికి నేరుగా రావు. యజమాని కాగితం మీద సంతకం పెడితేనే వస్తాయి. మా ఆఫీసులో కౌంటర్లో కూర్చుని టికెట్లు రాసింది మేం ముగ్గురు ఆడవాళ్ళం. విదేశాలు చూసొచ్చింది మాత్రం యజమాని బంధువులు. ఒకసారి నా పేరు రాస్తే ఇంట్లో ఒప్పుకోలేదు. "పిల్లల్ని ఎవరు చూస్తారు? మగవాళ్ళతో కలిసి పరాయి ఊళ్ళో ఉంటావా?" అన్నారు. అదే అవకాశం మగ ఉద్యోగికి వస్తే పెట్టె సర్దిపెట్టేది ఇంటి ఆడదే. ఆఫీసు ఇచ్చినదాన్ని కూడా ఇల్లు వాడుకోనివ్వదు. ఈ సంగతి మనం ఒప్పుకోవాలి.

చివరికి నాకు దొరికిన ఉచిత యాత్ర సంగతి వినండి. కాశీ, గయ, ప్రయాగ బస్సు యాత్ర. పదిహేను రోజులు. నలభై మంది యాత్రికులు, అందులో ఎక్కువమంది మన చుట్టుపక్కల ఊళ్ళ పెద్ద వయసు ఆడవాళ్ళు. తోడుగా ఆడమనిషి ఉంటే బాగుంటుందని వాళ్ళు అడిగారట. యజమాని నన్ను పిలిచి "నీకు ఉచితంగా కాశీ" అన్నాడు. ఎంత సంబరపడ్డానో!

తెల్లవారుజామున నాలుగింటికి లేపడం, బస్సెక్కిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టడం, బి.పి. మాత్రలు గుర్తుచేయడం, మోకాళ్ళ నొప్పులవాళ్ళను చెయ్యి పట్టుకుని ఘాటు మెట్లు దింపడం, వంటవాడికి కూరలు తరిగివ్వడం, రాత్రి పదకొండుకి లెక్కలు రాయడం. గంగలో నేను మునిగింది ఒక్కసారి, అదీ వాళ్ళ చీరలు గట్టు మీద కాపలా కాస్తూ. తిరిగొచ్చాక ఆ నెల జీతంలో పదిహేను రోజులు కోసేశారు. ఎందుకని అడిగితే, "యాత్ర చేసొచ్చావుగా, పుణ్యం నీదే. జీతం కూడానా?" అన్నారు.

ఆ రోజు నాకు తెలిసొచ్చింది. నేను యాత్ర చేయలేదు, పని చేశాను. ఇంట్లో వంట, పిల్లలు, ముసలివాళ్ళ సేవ ఎలాగైతే పని కాకుండా పోయాయో, బస్సులో చేసిన ఆ సేవ కూడా అలాగే పని కాకుండా పోయింది. ఆడవాళ్ళు సహజంగా చేసేదే కదా అన్నారు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2025 నవంబర్ 21 నుండి కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. పాత చట్టాలు చాలావరకు వాటిలో కలిశాయి. వాటి మీద మనకు విమర్శలు ఉండొచ్చు. కానీ అందులో మనకు పనికొచ్చేవి తెలుసుకోవాలి. జీతం డబ్బుగానే చెల్లించాలి, నగదు గానీ చెక్కు గానీ బ్యాంకు ఖాతా గానీ. కాశీ టికెట్టుతో చెల్లు వేయకూడదు. ఒకే పనికి ఆడా మగా తేడా లేకుండా ఒకే జీతం. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట నియామక పత్రం ఇవ్వాలి. అలాంటి చోటే నెలకి 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్ళకు ఇ.ఎస్.ఐ., ఇరవైమంది, అంతకన్నా ఎక్కువమంది ఉంటే పి.ఎఫ్. ఉంటాయి. ప్రసవానికి 2017 సవరణ తెచ్చిన 26 వారాల జీతంతో కూడిన సెలవు కొత్త కోడ్‌లోనూ ఉంది. అంతకుముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఆ సెలవులో ఉన్నప్పుడు ఉద్యోగం తీసేయకూడదు. మాతో పనిచేసిన ఒకామెను ఏడో నెలలో "ఇంట్లో విశ్రాంతి తీసుకోమ్మా" అని ఎంతో ప్రేమగా పంపేశారు. ఆ ప్రేమ ఖరీదు ఆమె ఉద్యోగం.

ఇంకో మాట బిడియపడకుండా చెప్పుకోవాలి. ఆఫీసు పని మీద యాత్రకి వెళ్ళినప్పుడు, యజమాని ఏర్పాటు చేసిన కారులో, హోటల్లో ఎవరైనా వెకిలిగా ప్రవర్తిస్తే, అది ఆఫీసు బయట జరిగింది కదా అని ఊరుకోకండి. 2013 లైంగిక వేధింపుల చట్టం ప్రకారం పని మీద వెళ్ళిన ప్రతి చోటూ, యజమాని ఏర్పాటు చేసిన వాహనంతో సహా, పనిస్థలమే. పదిమంది కన్నా తక్కువ ఉన్న ఆఫీసు అయితే జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. మూడు నెలల లోపు రాసివ్వాలి.

ట్రావెల్స్ ఆఫీసులు చాలావరకు నలుగురైదుగురితో నడిచేవే. అక్కడ ఇ.ఎస్.ఐ., పి.ఎఫ్. రాకపోవచ్చు. విమాన సంస్థలు 2008 తర్వాత కమీషన్ బాగా తగ్గించాయి, జనం టికెట్లు ఫోనులోనే కొనుక్కుంటున్నారు. యజమానులకూ ఇబ్బందులున్నాయి, కాదనను. కానీ ఆఫీసు ఎంత చిన్నదైనా కనీస వేతనం ఇవ్వాల్సిందే. వారానికి 48 గంటలు దాటి చేయించుకున్న పనికి రెట్టింపు కట్టాల్సిందే. వ్యాపారంలో వచ్చిన నష్టాన్ని మన జీతంలోంచి పూడ్చుకోమని ఏ చట్టమూ చెప్పలేదు.

2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. మీరు తెనాలి వెళ్ళేటప్పుడు కండక్టరుకి కార్డు చూపిస్తారు, సున్నా టికెట్టు తీసుకుంటారు. ఎవరి మొహమూ చూడక్కర్లేదు, ఎవరికీ నమస్కారం పెట్టక్కర్లేదు. యజమాని ఇచ్చే టికెట్టు అలా కాదు. ఇవాళ నవ్వితే ఇస్తాడు, రేపు ఎదురు మాట్లాడితే ఇవ్వడు. మొదటిది అందరికీ నియమం ప్రకారం వచ్చింది, రెండోది ఒకరి దయ మీద వస్తుంది.

మీరు ప్రయాణాలు మానుకోవాలని నేను చెప్పడం లేదు. ఊళ్ళు చూడాలన్న కోరిక మనకూ ఉంది, ఉండాలి. టికెట్టు ఇస్తే తీసుకోండి, హాయిగా వెళ్ళి రండి. కానీ ఉద్యోగంలో చేరే రోజున మూడు ప్రశ్నలు అడగండి. జీతం ఎంతో కాగితం మీద రాసిస్తారా? యాత్రికులతో పంపిస్తే ఆ రోజులు డ్యూటీయా, సెలవా? రాయితీ టికెట్లు ఎవరికి, ఏ వరసలో ఇస్తారు? ఒంటరిగా అడగడానికి భయమైతే ఇద్దరు ముగ్గురు కలిసి అడగండి. నేను అడగకుండా పద్నాలుగేళ్ళు గడిపాను. మీరు మొదటి రోజే అడగండి.