ఆరోగ్య భీమా – నిలుకడ లేని శాసనము



గ్రంథాలయ రజతోత్సవమున అమెరికా దేశపు ఆరోగ్య భీమాను గూర్చి పద్దులు వ్రాయువాడేల ప్రసంగింపవలెనని కొందరడుగవచ్చును. మన తెలుగుబిడ్డలు పెక్కురు ఆ దేశమున నివసించుచున్నారు. కొలువు చేయువారికి సాధారణముగా యజమానియే భీమా నేర్పరచును. కొలువు మాని స్వంత వ్యాపారము పెట్టుకొన్నవాడును, చిన్న దుకాణదారుడును, అరువదియైదేండ్లు నిండకమునుపే పని విరమించినవాడును దానిని తరచు స్వయముగా కొనుక్కొనవలెను. నేడు నా ప్రసంగము ఆ విపణిని గూర్చియే.

భీమా యనగా ఉమ్మడి పద్దు. నూర్గురు చేరిరనుకొందము. వారి వైద్యవ్యయము ఏటికి 10,000 డాలర్లైనచో తలకు 100 చాలును. ఆరోగ్యవంతులు 40 మంది తొలగినను వ్యయము తగ్గదు. ఏలయన వారు వైద్యుని గడప త్రొక్కినవారు కారు. మిగిలినవారికి తలకు రమారమి 167 పడును. అది చూచి అట్టివారే మరి 20 మంది తొలగినచో 250 అగును. తుదకు రోగులే మిగులుదురు.

దీనిని నివారించుటకే 2010లో ఒబామా ప్రభుత్వము చట్టము చేసెను. 2014 నుండి పూర్వరోగమున్నదని యెవ్వరిని నిరాకరింపరాదు. భీమా లేనివాడు అపరాధ రుసుము చెల్లింపవలెను. ఆదాయము చాలనివారికి ప్రభుత్వము సాయపడవలెను. ఇది ముక్కాలిపీట, ఒక కాలు కదలినను పీట యొరుగును.

ఆ చట్టము 2012, 2015, 2021లలో సుప్రీంకోర్టుకెక్కి నిలిచినది. 2017 జూలైలో రద్దు ప్రయత్నము సెనేటున 49–51 వోట్లతో వీగిపోయెను. అదే యేటి అక్టోబరులో, అల్పాదాయుల ఆస్పత్రి వాటాను తగ్గించినందుకు కంపెనీలకిచ్చు సొమ్మును ప్రభుత్వమాపివేసెను. తగ్గింపు మాత్రము చట్టరీత్యా ఈయవలసినదే! కంపెనీలా భారమును 2018 ప్రీమియములపై వేసినవి. సాయము పొందువారికి ధరతోపాటు సాయమును పెరిగెను. సాయమునకు నోచని మధ్యతరగతివాడే పూర్తి ధర భరించెను. 2017 డిసెంబరు చట్టముచే అపరాధ రుసుము 2019 నుండి సున్న యయ్యెను. 2021లో సాయము పెంచిరి, 2022లో పొడిగించిరి, 2025 డిసెంబరుతో గడువు తీరినది. ఈ వివాదము ముఖ్యకారణముగా ఆ యేడు అక్టోబరు 1 నుండి 43 దినములు ప్రభుత్వపు పనులు పెక్కులు స్తంభించినవి.

కంపెనీలు మరుసటి యేటి ధరలను ముందటి వేసవి నాటికే అధికారులకు సమర్పింపవలెను. అప్పటికి శాసనమెట్లుండునో తెలియనిచో, ఆ తెలియనితనమునకును ధర కట్టుదురు. లేదా ఆ ప్రాంతమును విడిచి పోవుదురు. రోగము పెరుగకయే వెల పెరుగుట యిట్లు!

భారత సభాపర్వమున నారదుడు ధర్మరాజును, నీ గణకులు, లేఖకులు ప్రతిదినము పూర్వాహ్ణముననే ఆయవ్యయములు చూచుచున్నారా యని ప్రశ్నించును. గణకుడు ఉదయముననే లెక్క కట్టవచ్చును. రాజు మాట సాయంకాలమునకు మారునేని ఆ లెక్క యేమగును? సాయము హెచ్చింపవలెనో తగ్గింపవలెనో ఆ దేశప్రజలు తేల్చుకొందురు గాక. ఏ తీర్పైనను విత్తుటకు ముందు చెప్పవలెను గాని కోతలనాడు కాదు.

సోదరులారా! అచటి బిడ్డ కొలువు మానెదనని తెలిపినచో, జీతము మాట కంటె ముందు భీమా మాట యడుగుడు. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుట మన పెద్దలు మెచ్చిన పని కాదు.

సెలవు.