కొలువు పెట్టే ముందు ఒక లెక్క

(సంక్రాంతి బొమ్మల కొలువు సన్నాహక సమావేశంలో వాలంటీర్ల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

ప్రసాదం క్యూ మొదలయ్యేలోపు ముగించమన్నారు కాబట్టి సూటిగా విషయానికి వస్తాం.

పోయిన సంక్రాంతి కొలువు మీలో చాలామంది చూశారు. 9 మెట్లు, 14 కుటుంబాలు తెచ్చిచ్చిన బొమ్మలు. పండగ అయ్యాక వాటిని పెట్టెల్లో సర్ది స్టోర్‌రూమ్‌లో పెట్టాం. ఆ వారం చలికి గోడలోని నీళ్ల పైపు గడ్డకట్టి పగిలింది. మేము తలుపు తీసేసరికి కింది వరస పెట్టెలన్నీ నానిపోయి ఉన్నాయి.

ఏటికొప్పాక లక్క బొమ్మలు తుడిస్తే చాలావరకు బాగుపడ్డాయి. కొండపల్లివి అలా కాదు. తెల్ల పొణికి చెక్కతో భాగాలు విడివిడిగా చెక్కి, చింతపిక్కల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. ఆ అతుకులు వదిలేశాయి, రంగు పొరలుగా లేచింది. ఒక పెద్దావిడ ఇచ్చిన దశావతారాల సెట్టులో మూడు పోయాయి. వాటిలో మత్స్యం, కూర్మం ఉన్నాయి. నీళ్లలో ఉండాల్సినవాళ్లే నీళ్లకు పోయారని ఆవిడే నవ్వేశారు. మాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇన్సూరెన్స్ అడ్జస్టర్ వచ్చి మూడే ప్రశ్నలు అడిగారు. ఇవి ఎవరివి, తడవకముందు ఎలా ఉండేవి, ఎంత చేస్తాయి? మా దగ్గర ఉన్నవల్లా వాట్సాప్‌లో హారతి ఫోటోలు. వాటిలో మనుషులు కనిపిస్తారు, బొమ్మలు వెనకాల మసకగా ఉంటాయి. పగలంతా ఆఫీసుల్లో బ్యాకప్‌ల గురించి ఇతరులకు పాఠాలు చెప్పేది మేమే!

ఆలయం పాలసీ ప్రధానంగా ఆలయం ఆస్తికి. ఇతరులు తెచ్చి పెట్టిన వస్తువులకు అందులో దొరికేది మామూలుగా చాలా తక్కువ. మీ ఇంటి పాలసీ, రెంటర్స్ పాలసీ అయినా సరే, చాలావరకు ఇంటి బయట ఉన్న వస్తువులకూ వర్తిస్తుంది. కానీ డిడక్టిబుల్ 1,000 డాలర్లయితే నాలుగు బొమ్మల నష్టం అక్కడే మునిగిపోతుంది. పెద్దావిడ విషయంలో అదే జరిగింది. ఇంకో చిక్కు, ‘యాక్చువల్ క్యాష్ వాల్యూ’ పాలసీ అయితే అమ్మమ్మ బొమ్మకూ పాత సోఫాకూ ఒకే న్యాయం, వయసు పెరిగినకొద్దీ విలువ కోసేస్తారు. ‘రీప్లేస్‌మెంట్ కాస్ట్’ ఉన్నా పురాతన వస్తువులను అందులోంచి మినహాయించడం మామూలే. అందుకే ముఖ్యమైనవాటిని పాలసీలో విడిగా, పేరుపేరునా రాయించాలి. దాన్నే షెడ్యూల్ చేయడం అంటారు. చెయ్యి జారి పగిలినా వర్తిస్తుందా, వరద నీటి మాటేమిటి అన్నవి మీ ఏజెంటును అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

విలువ కట్టడం దగ్గరే అందరూ ఆగిపోతారు. ఈమధ్య కొన్నవాటికి అప్రైజర్ అక్కర్లేదు. బిల్లు, లేకపోతే లేపాక్షిలోనో గోల్కొండ షోరూములోనో అలాంటి బొమ్మ ఇవాళ్టి ధర, దానికి ప్యాకింగు, ఇక్కడికి తెప్పించే ఖర్చు కలపండి. తరాలనాటివైతే అప్రైజర్ కావాలి. గంటలెక్కన గానీ మొత్తంగా గానీ ఫీజు తీసుకునేవాళ్ల దగ్గరికి వెళ్లండి. విలువలో ఇంత శాతం అనేవాళ్లకు దూరంగా ఉండండి, ఆ వృత్తి ప్రమాణాలే దాన్ని ఒప్పుకోవు. సెట్టును సెట్టుగానే రాయండి. మూడు అవతారాలు పోతే మిగిలిన ఏడింటి విలువా పడిపోతుంది కదా.

ఫోటోలు ముందు, వెనక, అడుగున తీయండి, పక్కన స్కేలు పెట్టి. పాత పగుళ్లను దాచకండి, దగ్గరగా తీయండి. నంబరు స్టిక్కరు అతికించొద్దు, అది లాగితే రంగూ వస్తుంది (ఇది మేము చేసి తెలుసుకున్నదే), దారంతో చీటీ కట్టండి. ఫైలు బొమ్మలున్న బేస్‌మెంట్‌లోని కంప్యూటర్లోనే పెట్టి ఊరుకోవద్దు. పాడైనవాటిని అడ్జస్టర్ చూసేదాకా పారేయొద్దు.

మా మొదటి ఫారంలో ఎత్తు, చెక్క, ధర మాత్రమే ఉన్నాయి. అది చూసి పెద్దావిడ, “ధర సరే బాబూ, మా అమ్మ వీటిని ఎప్పుడు కొన్నదో రాయడానికి చోటేదీ?” అన్నారు. మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ‘ఎవరిచ్చారు, ఎప్పుడు, ఎక్కడ’ అన్న వరస పైనే ఉంది. క్లెయిముకూ అది పనికొస్తుంది, పిల్లలకూ పనికొస్తుంది.

ఈసారి ఆవిడ మిగిలిన ఏడు అవతారాలూ ఇస్తానన్నారు. మొదటి ఫారం వాటికే నింపాం. వచ్చే రెండు ఆదివారాలు ఉదయం హాల్లో మా బల్ల ఉంటుంది, కెమెరా, స్కేలు, దారం మేమే తెస్తాం. బొమ్మల్ని పాత నూలు చీరల్లో చుట్టి తీసుకురండి, న్యూస్‌పేపర్ సిరా అంటుకుంటోంది. దసరాకు కొలువు పెట్టేవాళ్లు కూడా రావచ్చు, ఫారం అదే.